చట్నీ డబ్బులు

"ఒరేయ్, ఈ లైనేంటో చదువు, నాకు ఆనట్లేదు" అంటూ నాన్న కరెంటు బిల్లు నా ముక్కు కింద పెట్టారు. మీటరు రీడింగు అబ్బాయి ఇచ్చిన మూరెడు కాగితం. చేతి చెమటకి అప్పుడే సగం అక్షరాలు అలుక్కుపోయాయి. ఆయన వేలు ట్రూ అప్ దగ్గర ఆగింది.

ఎప్పుడో కరెంటు కంపెనీ వాళ్లు కరెంటు కొన్న ఖర్చు అంచనా దాటితే ఆ తేడా ఇప్పుడు మన దగ్గర తీసుకుంటారు నాన్నా, అన్నాను.

"అప్పుడెప్పుడో తిన్న ఇడ్లీకి ఇవాళ చట్నీ డబ్బులన్నమాట."

వంటింట్లోంచి అమ్మ: "అప్పటికి మనింట్లో ఏసీ కూడా లేదు కదండీ!"

జగన్ గారి హయాంలో చార్జీలు పెరిగితే టీడీపీ వాళ్లు రోడ్డెక్కారు. చంద్రబాబు గారు వచ్చాక, 2024 డిసెంబరులో, వైసీపీ వాళ్లు ఎక్కారు. పాపం మీదంటే మీదని ఒకటే గొడవ. రోడ్డు మాత్రం అదే (గుంతలు కూడా).

2004లో వైఎస్ ప్రమాణ స్వీకారం చేసిన రోజే రైతుల ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టడం నాన్న నిన్నటి సంగతిలా చెప్తారు. 2000లో చార్జీల గొడవ, హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆందోళనకారుల మీద పోలీసు కాల్పుల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది.

డాబా మీద సోలార్ పెట్టిద్దాం, మూడు కిలోవాట్లకి కేంద్రం 78,000 సబ్సిడీ ఇస్తోంది అన్నాను.

"సూర్యుడు ట్రూ అప్ వెయ్యడుగా?" సీరియస్‌గానే అడిగారు.

బిల్లు మాత్రం నా ఫోన్లోంచే కట్టించారు.