అమ్మ చీర మీద లేని రంగులు

అక్క పెళ్లి 2006లో అయింది. ఆ డీవీడీని అమ్మ ప్రతి సంక్రాంతికీ పెట్టించుకుని చూస్తుంది. మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో ఇప్పటికీ ఆ 29 అంగుళాల డబ్బా టీవీయే. ఈసారి చూస్తూ చూస్తూ అడిగింది: "నా నారాయణపేట చీర మీద ఆ రంగులేంట్రా? నేను కట్టింది ఒట్టి మెరూన్ గళ్లు కదా!"

నిజమే. అమ్మ కదిలినప్పుడల్లా సన్న గళ్ల మీద నీలం, నారింజ అలలు పాకుతున్నాయి. డిస్క్ పాడైపోయిందేమోనని నాకు టెన్షన్ పట్టుకుంది. ఇంకో కాపీ లేదు.

తప్పు డిస్క్‌ది కాదు, డీవీడీ ప్లేయర్ నుంచి టీవీకి బొమ్మ తెచ్చే పసుపు వైరుది. ఆ ఒక్క తీగలోనే వెలుగూ రంగూ కలిసిపోయి వస్తాయి. మన పాల్ పద్ధతిలో, అంటే టీవీకి రంగులు పంపే పద్ధతిలో, రంగు సంకేతం 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర, నలుపు తెలుపు వివరాల మధ్యలోనే సర్దుకుని ఉంటుంది. టీవీ ఆ రెంటినీ మళ్లీ విడదీసుకోవాలి. సన్న గళ్లు సరిగ్గా ఆ చోటే పడితే, వాటినీ రంగే అనుకుంటుంది.

టీవీ వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు సాకెట్లు మూడున్నాయి. ఇన్నేళ్లలో ఎవరూ ముట్టుకోలేదు. కంగారులో పసుపు పిన్ను ఆకుపచ్చ దాంట్లో గుచ్చాను. బొమ్మ వచ్చింది, కానీ నలుపు తెలుపులో! నాకు అసలు సంగతి అర్థమైంది అప్పుడే. ఆకుపచ్చ సాకెట్‌కి కావాల్సింది ఆకుపచ్చ రంగు కాదు, బొమ్మలోని వెలుగు మొత్తం. రంగుల సమాచారం మిగతా రెండు తీగల్లో విడిగా వస్తుంది. విడిగా వచ్చేదాన్ని టీవీ విడదీయక్కర్లేదు, పొరబడక్కర్లేదు.

కొత్త వైరు కొనలేదు. ఇంట్లో పడి ఉన్న ఇంకో మూడు పిన్నుల వైరునే వాడాను. రెండు చివర్లా ఒకే పిన్ను ఒకే రంగు సాకెట్‌లోకి వెళ్తే చాలు. సౌండ్‌కి పాత వైరులోని తెలుపు, ఎరుపు పిన్నులు అలాగే ఉంచాను. ప్లేయర్ మెనూలో కాంపొనెంట్ (ఈ మూడు తీగల దారి) అని మార్చాలి, ప్రోగ్రెసివ్ (బొమ్మలోని గీతలన్నీ ఒకేసారి పంపే పద్ధతి) ఆపేయాలి. మా టీవీ దాన్ని తీసుకోదు.

అమ్మ చీర మెరూన్‌కి వచ్చింది. జరీ అంచు కూడా విడిగా తెలుస్తోంది. అమ్మ లేచి వెళ్లి టీవీ దగ్గరే నిలబడి చూసింది.

నాన్న వెంటనే నా అక్షరాభ్యాసం క్యాసెట్ తెచ్చారు, దానికీ అలాగే చేయమని. వీహెచ్ఎస్ టేపులో ఉండే వివరం 240 గీతల దగ్గరే ఆగిపోతుంది, లేనిదాన్ని ఏ వైరూ తేలేదు నాన్నా అని చెప్పాను. వీసీఆర్‌కి పసుపు వైరే పెట్టి, ముగ్గురం కూర్చుని చూశాం.