కాలేజీ క్రాస్ కంట్రీ: ముందు ఆ జట్టు ఐదో రన్నర్ టైమ్ చూడండి

అమెరికా హైస్కూళ్లలో బాస్కెట్‌బాల్‌కో సాకర్‌కో ట్రయౌట్లు పెట్టి చాలామందిని వెనక్కి పంపేస్తారు. క్రాస్ కంట్రీలో, అంటే పార్కుల్లో గడ్డి మీద, కొండల మీద జరిగే దూరపు పరుగులో, చాలా స్కూళ్లు ఎవరినీ తీసెయ్యవు. రోజూ ప్రాక్టీసుకు వస్తే చాలు, జెర్సీ ఇస్తారు. అందుకే మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ఎడిసన్, ఫ్రీమాంట్ లాంటి ఊళ్లలో తొమ్మిదో తరగతిలో సరదాగా చేరిన పిల్లలు కొందరు పదకొండో తరగతికల్లా వర్సిటీ (స్కూలు ప్రధాన జట్టు) ఏడుగురిలో నిలుస్తారు. అప్పుడు ఇంట్లో రెండు ప్రశ్నలు మొదలవుతాయి. కాలేజీలో కూడా పరుగెత్తగలరా? స్కాలర్‌షిప్ వస్తుందా?

రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. క్రాస్ కంట్రీ పెద్ద డబ్బు తెచ్చే ఆట కాదు. చదువులో గట్టిగా ఉన్న పిల్లలకు అడ్మిషన్ దగ్గర బాగా పనికొచ్చే ఆట. ఈ తేడా మొదట్లోనే తెలిసిన కుటుంబాలు మంచి నిర్ణయాలు తీసుకుంటాయి. తెలియనివాళ్లు పన్నెండో తరగతి అక్టోబర్ దాకా డివిజన్ 1 (కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ సంఘంలో పై స్థాయి) కోచ్ ఫోన్ కోసం ఎదురుచూస్తూ, చేతికి అందే మంచి అవకాశాలు వదులుకుంటారు.

మొదటి ప్రశ్నకు జవాబు స్కోరింగ్‌లోనే ఉంది. జట్టు నుంచి ఏడుగురు పరుగెత్తుతారు, మొదటి ఐదుగురి స్థానాలు కలిపి స్కోరు వేస్తారు, తక్కువ స్కోరు వచ్చిన జట్టు గెలుస్తుంది. మొదటి ఐదు స్థానాలూ ఒకే జట్టుకు వస్తే 15, అంతకంటే మంచి స్కోరు ఉండదు. ఆరు, ఏడో రన్నర్ల స్థానాలు స్కోరులో కలవవు గానీ, వాళ్లు ఎదుటి జట్టు ఐదో మనిషికంటే ముందు వస్తే ఆ జట్టు స్కోరు పెరుగుతుంది. మొదటి రన్నర్ పది సెకన్లు వేగంగా వస్తే రెండు మూడు స్థానాలు మారొచ్చు. అదే పది సెకన్లు రన్నర్లు గుంపుగా ఉండే చోట ఐదో మనిషి సంపాదిస్తే ఇరవై, ముప్పై స్థానాలు మారిపోతాయి. కోచ్ మనసులో ఎప్పుడూ ఉండేది ఆ ఐదో మనిషే. మీ అబ్బాయో అమ్మాయో రెండో ఏడాదికల్లా ఆ స్థానానికి రాగలరు అనిపిస్తే కోచ్ శ్రద్ధగా మాట్లాడతారు, లేకపోతే మర్యాదగా తప్పుకుంటారు.

దీన్ని ఇంట్లోనే లెక్క వేయొచ్చు. కాలేజీ ఫలితాలన్నీ టీఎఫ్‌ఆర్‌ఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. నచ్చిన కాలేజీ పేజీ తెరిచి కాన్ఫరెన్స్ (ఆ కాలేజీ పోటీపడే కాలేజీల గుంపు) క్రాస్ కంట్రీ మీట్‌లో ఆ జట్టు ఐదో రన్నర్, ఏడో రన్నర్ ఎవరో చూడండి. వాళ్ల పేరు మీద నొక్కితే 1500, 5000 మీటర్ల ట్రాక్ టైములు వస్తాయి. తర్వాత అదే పేరును హైస్కూల్ ఫలితాలుండే మైల్‌స్ప్లిట్‌లోనో అథ్లెటిక్ డాట్ నెట్‌లోనో వెతికి, పదకొండో తరగతిలో 1600, 3200 మీటర్లు ఎంతలో పరుగెత్తారో చూడండి. మీ పిల్లల టైమును పోల్చాల్సింది దాంతో, ఇప్పటి కాలేజీ టైముతో కాదు. ఇలా పదిహేను కాలేజీలు చూస్తే ఏ స్థాయి సరిపోతుందో మీకే అర్థమవుతుంది. డబ్బు తీసుకునే రిక్రూటింగ్ సర్వీసులు చెప్పేది ఇంతకంటే పెద్దగా ఏమీ ఉండదు.

పోల్చేది ట్రాక్ టైమే కావాలి. క్రాస్ కంట్రీ 5 కి.మీ. టైము కోర్సును బట్టి మారిపోతుంది. న్యూజెర్సీలో హోమ్‌డెల్ పార్క్ కొండల మీద 16:30 పరుగెత్తిన అబ్బాయి, చదునైన కోర్సులో 15:50 పరుగెత్తినవాడికంటే మెరుగై ఉండొచ్చు. కాలిఫోర్నియాలో మౌంట్ శాక్ కోర్సు 2.93 మైళ్లే, న్యూయార్క్ వాన్ కోర్ట్‌లాండ్ పార్క్‌లో హైస్కూల్ రేసు 2.5 మైళ్లు, ఇల్లినాయ్ స్టేట్ మీట్ జరిగే డెట్‌వైలర్ పార్క్‌లో 3 మైళ్లు. వేరే రాష్ట్రం కోచ్‌కు ఇవన్నీ ఒక్కచోట తూచడం కష్టం. 400 మీటర్ల ట్రాక్ ఎక్కడైనా 400 మీటర్లే. కాబట్టి పదకొండో తరగతి వసంతంలో ఒక మంచి 3200 రేసు అన్నిటికంటే విలువైనది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: స్కూలు జట్టుకు పాయింట్ల కోసం ఒకే మీట్‌లో 800, 1600, 3200 మూడూ పరుగెత్తి, ఏ ఒక్కదాంట్లోనూ నిజమైన టైము లేకుండా సీజన్ ముగిస్తారు. సీజన్‌లో రెండు మీట్లైనా తాజా కాళ్లతో ఒకే ఈవెంట్ పరుగెత్తే అవకాశం ఇవ్వమని స్కూలు కోచ్‌ను ఫిబ్రవరిలోనే అడగాలి.

ఏ టైముకు ఏ స్థాయి అంటే, ఉజ్జాయింపుగా చెబుతాను. అబ్బాయిల్లో 3200 తొమ్మిది నిమిషాల దగ్గర్లో ఉంటే పెద్ద డివిజన్ 1 జట్లు పలుకుతాయి. 9:20 ప్రాంతంలో మధ్యస్థాయి డివిజన్ 1, 9:30 నుంచి 9:50 మధ్య గట్టి డివిజన్ 3 జట్లు ఆసక్తి చూపొచ్చు. అమ్మాయిల్లో పెద్ద జట్లకు 10:30 లోపు ఉంటే మాట బలంగా ఉంటుంది, 11 నిమిషాల చుట్టుపక్కల ఉన్నా చాలా తలుపులు తెరుచుకుంటాయి. టైముతోపాటు వారానికి ఎన్ని మైళ్లు పరుగెత్తి అది సాధించారో కోచ్ తప్పకుండా అడుగుతారు. వారానికి 30 మైళ్లతో 9:35 పరుగెత్తిన పిల్లాడిలో, 65 మైళ్లతో 9:30 పరుగెత్తినవాడికంటే ఎదిగే అవకాశం ఎక్కువ కనిపిస్తుంది. ఆ మైళ్ల లెక్క రాసి ఉంచుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. డివిజన్ 1లో చాలా ఏళ్లు పురుషుల ట్రాక్, క్రాస్ కంట్రీ రెంటికీ కలిపి గరిష్ఠంగా 12.6 స్కాలర్‌షిప్పులు, మహిళలకు 18 ఉండేవి. వాటినే ముక్కలు చేసి స్ప్రింటర్లు, జంపర్లు, త్రోయర్లు, డిస్టెన్స్ రన్నర్లు అందరికీ పంచేవారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ (ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన కేసులో రాజీ)తో, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి రోస్టర్ పరిమితి, అంటే జట్టులో ఎంతమంది ఉండొచ్చన్న లెక్క, వచ్చింది: క్రాస్ కంట్రీకి 17 మంది, ట్రాక్‌కు 45 మంది. వినడానికి మంచి మార్పులాగే ఉంది. నిజానికి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు అన్నారే గానీ ఇవ్వాలి అనలేదు. ఇదివరకు ముప్పై మందిని పెట్టుకున్న జట్టు ఇప్పుడు 17తో ఆగాలి. నష్టపోయేది వాక్-ఆన్‌గా (స్కాలర్‌షిప్ లేకుండా) చేరి మూడేళ్లు కష్టపడి పైకి వచ్చే రన్నర్లే. అందుకని డివిజన్ 1 కోచ్‌ను మొదటి మాటల్లోనే అడగాల్సింది ఇది: మీ కాలేజీ సెటిల్‌మెంట్‌లో చేరిందా, చేరితే ఆ 17లో మా అమ్మాయికి స్థానం ఖాయమా?

డివిజన్ 2లో కొంత స్కాలర్‌షిప్ ఉంటుంది, ఎన్‌ఏఐఏ (ఎన్‌సీఏఏ కాకుండా వేరే సంఘం) కాలేజీల్లోనూ ఉంటుంది. డివిజన్ 3లో ఆట పేరు మీద ఒక్క డాలరూ ఇవ్వరు. ఐవీ లీగ్ డివిజన్ 1లోనే ఉన్నా అథ్లెటిక్ స్కాలర్‌షిప్పులు ఇవ్వదు, ఆ సెటిల్‌మెంట్‌లోనూ చేరలేదు. అలా అని అక్కడ పరుగు తక్కువేం కాదు. 2023లోనూ 2024లోనూ డివిజన్ 1 పురుషుల క్రాస్ కంట్రీ వ్యక్తిగత ఛాంపియన్ హార్వర్డ్ రన్నర్ గ్రాహం బ్లాంక్స్.

మన ఇళ్లలో డివిజన్ 3 అనగానే మూడో రకం అనుకుంటారు. ఈ అపోహ పోవాలి. ఎంఐటీ, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, జాన్స్ హాప్కిన్స్, కార్నెగీ మెలన్, ఎమరీ, విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్ అన్నీ డివిజన్ 3. జాన్స్ హాప్కిన్స్ మహిళల జట్టు 2012, 2013, 2014లో వరుసగా జాతీయ టైటిల్ గెలిచింది. పురుషుల్లో పొమోనా-పిట్జర్ 2019, 2021లో, ఎంఐటీ 2022లో గెలిచాయి. ఇంజినీరింగ్‌కో మెడిసిన్‌కో పోవాలనుకునే పిల్లలకు నా దృష్టిలో వెతకాల్సిన మొదటి చోటు ఇదే. ఇలాంటి కాలేజీల్లో చాలాచోట్ల పదకొండో తరగతి అయ్యాక జులై నుంచి కోచ్ మీ ట్రాన్స్‌క్రిప్టు, ఎస్‌ఏటీ స్కోరు అడ్మిషన్స్ ఆఫీసుకు పంపి ముందస్తు అభిప్రాయం తీసుకుంటారు. దాన్ని ప్రీ-రీడ్ అంటారు. ప్రీ-రీడ్ బాగుండి కోచ్ మద్దతు ఇస్తానంటే, సాధారణంగా ఎర్లీ డెసిషన్‌లో దరఖాస్తు చేయమంటారు. ఎర్లీ డెసిషన్ అంటే సీటు వస్తే చేరాల్సిందే, కాబట్టి ఒప్పుకునే ముందే ఆ కాలేజీ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో మీ ఆదాయం వేసి ఖర్చు చూసుకోండి. ఎంఐటీ లాంటి చోట కోచ్ మాట హామీ కాదు, దరఖాస్తులో ఒక అంశం మాత్రమే.

ఈమెయిల్ ఎప్పుడైనా పంపొచ్చు గానీ, డివిజన్ 1, 2 కోచ్‌లు పదో తరగతి ముగిశాక వచ్చే జూన్ 15 దాకా రిక్రూటింగ్ గురించి జవాబు ఇవ్వకూడదు. అంతకుముందు జవాబు రాలేదని నిరాశపడొద్దు. డివిజన్ 1 అధికారిక సందర్శనలు (కాలేజీ ఖర్చుతో వెళ్లి చూసేవి) పదకొండో తరగతి మొదలయ్యే ఆగస్టు 1 నుంచి. ఈమెయిల్ పిల్లలే రాయాలి. నాన్నగారు రాసిన ఈమెయిల్‌ను కోచ్ ఒక్క వాక్యంలో పట్టేస్తారు, పెద్దవాళ్లే అన్నీ నడిపిస్తున్నారని అనుకుంటారు. సబ్జెక్ట్ లైన్‌లో పేరు, గ్రాడ్యుయేషన్ సంవత్సరం, 1600, 3200 టైములు ఉండాలి. లోపల ఫలితాల లింకు, జీపీఏ, ఎస్‌ఏటీ, చదవాలనుకునే మేజర్, వారం మైళ్లు, ఆ కాలేజీయే ఎందుకో రెండు నిజమైన వాక్యాలు ఉంటే చాలు. డిస్టెన్స్ రన్నర్లకు వీడియో అక్కర్లేదు. కొత్త టైము వచ్చినప్పుడల్లా మూడు వాక్యాల ఈమెయిల్ మళ్లీ పంపాలి.

కాగితం పనిలో డివిజన్ 1, 2కు ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు తప్పనిసరి. డివిజన్ 1కు హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు లాంటి ముఖ్య సబ్జెక్టులవి), వాటిలో 2.3 జీపీఏ కావాలి. పది కోర్ కోర్సులు పన్నెండో తరగతి మొదలవక ముందే పూర్తికావాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్సులోవి. మన పిల్లలకు గ్రేడ్లతో ఇబ్బంది రాదు. స్కూలు బయట ఆన్‌లైన్‌లో చేసిన కోర్సు ఎన్‌సీఏఏ ఆమోదించినదేనా అన్న దగ్గరే చిక్కు వస్తుంది, చేరక ముందే చూసుకోండి. ఆ కాలేజీలోనే చేరతామని సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను 2024 అక్టోబర్‌లో తీసేశారు. ఇప్పుడు సంతకం చేసేది కాలేజీ ఇచ్చే ఆర్థిక సహాయ ఒప్పందం మీద. అది ఏడాదికా నాలుగేళ్లకా, గాయమైతే ఉంటుందా, మెరిట్ స్కాలర్‌షిప్‌తో కలుస్తుందా అన్నది రాతలో చూడాలి. ఫోన్‌లో చెప్పిన మాటకు బలం లేదు.

కాలేజీ చూడటానికి వెళ్లే ముందు ఒక పని చేయండి. టీఎఫ్‌ఆర్‌ఆర్‌ఎస్‌లో నాలుగేళ్ల కిందటి మొదటి ఏడాది రన్నర్ల పేర్లు రాసుకుని, వాళ్లలో ఎంతమంది చివరి ఏడాదిలోనూ రేసులో ఉన్నారో చూడండి. ఎనిమిది మందిలో ఇద్దరే మిగిలితే గాయాలో, శిక్షణ తీరో, జట్టు వాతావరణమో ఏదో తేడా ఉంది. ఆ ప్రశ్న కోచ్‌ను అడగండి, కోచ్ లేనప్పుడు జట్టు పిల్లల్నీ అడగండి. ఇంజినీరింగ్ ల్యాబులు మధ్యాహ్నం పడితే ప్రాక్టీసు ఎలా చేస్తారో కూడా అడగాలి. డివిజన్ 1 సీజన్‌లో నిబంధన ప్రకారం వారానికి 20 గంటలే, ఒక రోజు సెలవు. కానీ ప్రయాణం, ఫిజియో దగ్గర గడిపే సమయం ఆ 20లో లేవు.

చేరాక మొదటి ఏడాది అబ్బాయిలకే ఎక్కువ కష్టం. హైస్కూల్ 5 కి.మీ. నుంచి 8 కి.మీ.కు, డివిజన్ 1 రీజినల్స్‌కు (జాతీయ పోటీకి ముందు జరిగే ప్రాంతీయ మీట్‌కు) వస్తే 10 కి.మీ.కు దూరం పెరుగుతుంది. అమ్మాయిలకు 6 కి.మీ. కాబట్టి దూరం కంటే వేగం, గుంపు కొత్తగా ఉంటాయి. హైస్కూల్‌లో వారానికి 40 మైళ్లు చేసినవాళ్లు సీనియర్లను చూసి జులైలోనే 70కి వెళ్తే, సెప్టెంబర్‌లో ముంగాలి ఎముకలోనో పాదం ఎముకలోనో స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నని పగులు)తో మెడికల్ బూటు వేసుకుని కూర్చుంటారు. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో బలపడతాయి, ఎముకకు నెలలు పడుతుంది. వేసవిలో రెండు మూడు వారాలకోసారి నాలుగైదు మైళ్లు పెంచి, నాలుగో వారం తగ్గించి, మొదటి సెమిస్టర్‌కు 50–55 దగ్గర చేరితే చాలు.

శాకాహార ఇళ్లలో తిండి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హీమోగ్లోబిన్ మామూలుగానే ఉండి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ప్రోటీన్) పడిపోయిన రన్నర్‌కు కాళ్లు బరువెక్కుతాయి, రేసులో సగం నుంచి వెనకబడతారు, ఇంట్లోవాళ్లు నిద్ర చాలలేదనుకుంటారు. రక్తపరీక్షలో ఫెరిటిన్‌ను విడిగా అడిగి చేయించాలి, విటమిన్ డి కూడా. పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మొదలుపెట్టొద్దు, ఎక్కువైనా ప్రమాదమే. డాక్టర్ రాస్తే ఆ మాత్రను పెరుగన్నంతోనో పాలతోనో వేసుకోకూడదు, కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. టీ, కాఫీ కూడా భోజనానికి గంట దూరంలో ఉండాలి. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా అందుతుంది. అమ్మాయిలకు నెలసరి మూడు నెలలు ఆగిపోతే "పరుగువల్లేలే" అని వదిలెయ్యకండి. చేసే శ్రమకు తగినంత తినడం లేదన్న సూచన అది, ఎముకలు బలహీనపడేదీ అప్పుడే. స్పోర్ట్స్ డాక్టర్‌కు వెంటనే చూపించి, డార్మ్‌కు పంపే ముందు కాలేజీ జట్టుకు స్పోర్ట్స్ డైటీషియన్ ఉన్నారో లేదో కనుక్కోండి. లేకపోతే బయట ఒకరిని ఆగస్టులోపే చూసుకోవాలి.