గులాబీ పురుగు కొత్త జాతి అయిపోయిందా?

మా బాబాయ్ ప్రత్తిపాడు దగ్గర పత్తి వేస్తాడు. మొన్న ఫోన్ చేసి "ఒరేయ్, బీటీ కాయ పగలగొట్టి చూస్తే లోపల గులాబీ రంగు పురుగు హాయిగా గింజలు తింటంది, ఇది పాత పురుగు కాదురా, కొత్త జాతి పుట్టింది" అన్నాడు.

కాదు బాబాయ్, అదే పురుగు. 2002లో బీటీ, అంటే పురుగుని చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు మార్చిన పత్తి, మన దేశంలోకి వచ్చాక ఆ విషానికి తట్టుకోలేనివి చచ్చాయి, తట్టుకునేవి ఏవో కొన్ని మిగిలి వాటి సంతానమే పెరిగింది, అంతే. అడాప్టేషన్ అంటే అది. కానీ ఈ మొండి పురుగు రెక్కలొచ్చాక ఇప్పటికీ మామూలు దానితోనే జత కడుతుంది, ఆ పిల్లలూ బానే బతుకుతాయి, అలాంటప్పుడు వేరే జాతి ఎట్లా అవుద్ది? విత్తనాలతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ విడిగా ఇచ్చేవాళ్లు చూడండి, చేను చుట్టూ వెయ్యమని, అది ఇందుకే, అక్కడ పెరిగిన మామూలు పురుగులు మొండివాటితో కలిస్తే మొండితనం పలచబడుద్దని. మనోళ్లు ఎంతమంది వేశారో దేవుడికెరుక. నీ ప్యాకెట్ ఏం చేశావ్ బాబాయ్ అంటే వానల గురించి మొదలెట్టాడు.

నన్నడిగితే అడాప్టేషన్‌కి మరీ ఎక్కువ పేరొచ్చేసింది. కొత్త జాతి రావాలంటే రెండు గుంపులు కలవడం ఆగాలి. మధ్యలో సముద్రమో కొండో అడ్డం పడితే సరే, అదేం లేకుండా కూడా అవ్వచ్చు. అమెరికాలో హాథార్న్ అనే ముళ్లచెట్టు కాయల్లో పెరిగే ఈగ ఒకటుంది, 1800ల మధ్యలో వాటిలో కొన్ని బయట్నుంచి తెచ్చి నాటిన ఆపిల్‌కి మారాయి. ఆపిల్ కొన్ని వారాలు ముందే పండుద్ది, పైగా ఆ ఈగలు తాము పెరిగిన రకం కాయ మీదకే వచ్చి జత కడతాయి, దాంతో పక్కపక్కన చెట్లున్నా ఆ రెండూ కలవడం బాగా తగ్గిపోయింది. పూర్తిగా ఆగలేదు, అంటే జాతి ఇంకా తయారీలో ఉన్నట్టు.

బాబాయ్ పురుగుని చూసి కంగారుపడ్డాడు గానీ అసలు చిత్రం పత్తిదే. దేశవాళీ పత్తికి 26 క్రోమోజోములు, ఇప్పుడు మన చేలల్లో ఉన్న అమెరికన్ పత్తికి 52. పదిహేను లక్షల ఏళ్లు అటూ ఇటూగా, దేశవాళీకి దగ్గర చుట్టం ఒకటీ అమెరికా ఖండపు అడవి పత్తి ఒకటీ కలిసి, క్రోమోజోములు రెట్టింపై పుట్టిన మొక్క అది. వాతావరణానికి అలవాటుపడటం అదీ తర్వాత సంగతి, విడిపోవడం మాత్రం ముందే అయిపోయింది. ఇప్పుడు దేశవాళీని అమెరికన్‌తో క్రాస్ చేస్తే 39 వస్తాయి, వాటిని జతలుగా సర్దుకోలేక మొక్క ఏపుగా పెరుగుద్ది గానీ గింజ పట్టదు. బ్రీడర్లు ఊరుకుంటారా, క్రోమోజోముల్ని రెట్టింపు చేసే కోల్చిసిన్ అనే మందు పెట్టి ఆ 39ని 78 చేసి, గింజ పట్టించి, దాన్ని మళ్లీ మళ్లీ అమెరికన్‌తో క్రాస్ చేస్తారు, రసం పీల్చే పురుగుల్ని తట్టుకునే దేశవాళీ గుణం కాస్తయినా ఇటు వస్తుందని.