మొదటి మారథాన్‌కి ముందు మెల్లగా పరిగెత్తడం రావాలి

మారథాన్‌కి ప్రాక్టీస్ చేస్తున్నానని చెప్పగానే అందరూ అడిగేది ఎంత స్పీడ్‌గా పరిగెడుతున్నావు అనే. ఈ నెలలన్నీ నేను పట్టుదలగా నేర్చుకుంటున్నది మాత్రం మెల్లగా పరిగెత్తడం. మొదటిసారి 42.195 కిలోమీటర్లకి సిద్ధమయ్యే ఎవరికైనా నేను ముందుగా చెప్పేది కూడా ఇదే, ఎందుకంటే చాలామంది ఇక్కడే తొందరపడి కాళ్లు పాడుచేసుకుంటున్నారు.

మెల్లగా అంటే ఎంత? పక్కన ఒక మనిషి ఉంటే ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. వారంలో నాలుగు పరుగులుంటే మూడైనా అలాగే ఉండాలి. మొదట్లో ఇది చాలా చిరాకు పెడుతుంది, అసలు ప్రాక్టీస్ చేస్తున్నట్టే అనిపించదు.

కానీ ఒక్కసారి లెక్క చూడండి. కండరాల్లోనూ లివర్‌లోనూ దాచుకున్న గ్లైకోజెన్, అంటే నిల్వ ఉన్న చక్కెర, సుమారు 2000 కేలరీలకి వస్తుంది. పరిగెత్తితే ఒక్కో కిలో బరువుకి కిలోమీటరుకి దాదాపు 1 కేలరీ ఖర్చవుతుంది, అంటే 65 కిలోల మనిషికి మారథాన్ మొత్తానికి 2700 పైమాటే. ఆ తేడా చాలావరకు కొవ్వు నుంచి రావాలి. కొవ్వు ఎంత సన్నటి మనిషిలోనైనా కావలసినంత ఉంటుంది, అది శక్తిగా మారడమే నిదానం, మనం వేగం పెంచేకొద్దీ ఒంట్లో గ్లైకోజెనే ముందు ఖర్చవుతుంది. 30 కిలోమీటర్లు దాటాక ఉన్నట్టుండి కాళ్లు మొరాయించి అడుగు పడకపోవడం, రన్నర్లు 'వాల్' అనేది, చాలావరకు ఇదే. నెలల తరబడి మెల్లగా చేసే ఈ ఈజీ రన్స్‌తో కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వుని వాడుకోవడం కండరాలకి బాగా అలవాటవుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది, నాకైతే ఇదే ముఖ్యం. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే మెరుగవుతాయి, ఎముకలకీ, కండరాల్ని ఎముకలకి కలిపే టెండన్లకీ నెలలు పడుతుంది. ఆయాసం రావడం లేదు కదా అని దూరం పెంచేస్తే మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది. అందుకే రెండు మూడు వారాలు పెంచి ఒక వారం తగ్గించడం మంచి పద్ధతి.

ఇక లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికన్నా ఎక్కువ దూరం పరిగెత్తేది. నాకు వారమంతా ఎదురుచూసే పరుగు ఇదే. మొదటి గంట ఏవో ఆలోచనలు వస్తుంటాయి, రెండో గంటకి అవి కూడా సద్దుమణుగుతాయి, ఆ తర్వాత ఆపేద్దాం, ఇవాళ్టికి చాలు అని మనసు బేరాలు మొదలుపెడుతుంది. ఆ బేరానికి లొంగకుండా ఇంకో కిలోమీటరు వెళ్లడం అలవాటు కావాలంటే లాంగ్ రన్ తప్ప వేరే దారి లేదని నా నమ్మకం. మొదటిసారి పరిగెత్తేవాళ్ల ప్లాన్లలో సాధారణంగా 30, 32 కిలోమీటర్ల దగ్గరే ఆపేస్తారు, పూర్తి దూరం ప్రాక్టీస్‌లో పరిగెత్తించరు, ఎందుకంటే దాన్నుంచి కోలుకోవడానికే వారాలు పోతాయి. 2023లో షికాగోలో కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకన్లలో మారథాన్ పూర్తి చేశాడు. మనలో చాలామందికి నాలుగు గంటలో ఐదు గంటలో పడుతుంది, అంటే అతనికి రెట్టింపు సేపు మనం కాళ్ల మీద ఉంటాం! కాబట్టి ఛాంపియన్ల కిలోమీటర్లు కాపీ కొట్టకుండా ఎంతసేపు పరిగెత్తామన్నది చూసుకోవడమే మేలు.

రేసు రోజు తినేవి, తాగేవి, వేసుకునేవి అన్నీ లాంగ్ రన్‌లోనే పరీక్షించుకోండి. గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకోమంటారు, పరిగెత్తుతూ జెల్స్ (ప్యాకెట్లలో వచ్చే చిక్కటి చక్కెర పాకం లాంటివి) మింగి అరిగించుకోవడం పొట్టకి కూడా నేర్పాల్సిందే. నీళ్లు దాహాన్ని బట్టి తాగండి. భయంతో దారిలో నీళ్లిచ్చే ప్రతి స్టేషన్ దగ్గరా గటగటా తాగేస్తే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదకి రావచ్చు. తొడలు ఒరుసుకునే చోట వాజిలిన్, కొత్త షూస్ అస్సలు వద్దు.

చివరి రెండు మూడు వారాలు దూరం బాగా తగ్గించాలి, దాన్నే టేపర్ అంటారు. నేనిప్పుడు అందులోనే ఉన్నాను. ఫిట్‌నెస్ పోతోందేమోనని టెన్షన్, లేని నొప్పులు ఉన్నట్టు అనిపించడం, ఇంకొక్క లాంగ్ రన్ చేసేద్దామా అనే ఆశ, అన్నీ ఉన్నాయి, అయినా చేయను, ఇప్పుడు కొత్తగా చేసేది రేసు రోజుకి అక్కరకు రాదు, అలసట మాత్రం మిగులుతుంది.

రేసుకి నేను పెట్టుకున్న ప్లాన్ చిన్నదే. మొదటి 10 కిలోమీటర్లు ఎంతమంది దాటిపోయినా నా ఈజీ పేస్ దగ్గరే ఉంటాను, ఆకలి వేయకముందే జెల్స్ తీసుకుంటాను, 30 దాకా వేగం జోలికి పోను. అక్కడ కాళ్లలో ఏమైనా మిగిలి ఉంటే అప్పుడు పెంచుతాను.