పర్లాకిమిడిలో ఒక జవాను ఇంటికి

విశాఖలో గుణుపూర్ ప్యాసింజర్ ఎక్కితే నౌపడా దగ్గర మెయిన్ లైన్ వదిలేసి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి తీసుకెళ్తుంది. పాతపట్నం మనది, ఆ తర్వాత స్టేషన్ ఒడిశా, కానీ బజార్లో సగం మంది తెలుగే మాట్లాడతారు. గిడుగు రామ్మూర్తి పంతులు గారు ఉన్న ఊరు, 1936లో ఒడిశాలో కలిపేశారని ఊరే వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారాయన. నేనిలా మాట్లాడినట్టే రాసేస్తున్నానంటే అది ఆయన పుణ్యమే.

రాజావారి కోట బయట్నుంచే చూసేసి నా కొలీగ్ వాళ్ళింటికి వెళ్ళాం. వాడి పెదనాన్న 1971 యుద్ధంలో పోయారు, మద్రాస్ శాపర్స్‌లో (సైన్యంలో ఇంజనీర్ల దళం) జవాను, అప్పటికింకా పెళ్ళి కూడా కాలేదు. ఆయన ఉన్నది పశ్చిమ సరిహద్దులో జరిగిన బసంతర్ యుద్ధంలో. బసంతర్ అనగానే అందరూ 21 ఏళ్ళకే పరమవీర చక్ర వచ్చిన అరుణ్ ఖేతర్‌పాల్ గురించి చెప్తారు, చెప్పాల్సిందే, కానీ ట్యాంకులు పోవాలంటే ముందు ఎవరో ఒకరు రాత్రిపూట మందుపాతరలు తీసి దారి చెయ్యాలి కదా, వీళ్ళ పెదనాన్న చేసిన పని అదీ. ఆయన ఏ గంటకి ఎలా పోయారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు.

బాబాయ్ గారు (కొలీగ్ వాళ్ళ నాన్న) అప్పటికి స్కూల్లో చదువుతున్నారట. "డిసెంబర్ 17న యుద్ధం ఆగిపోనాదని రేడియోలో చెప్పినారు బాబూ, మాయమ్మ వీధంతా బెల్లం పంచీసింది, తంతి ఆ తర్వాతొచ్చింది" అన్నారు. తంతి (టెలిగ్రాం) ఇంగ్లీషులో ఉంది, పోస్టుమేన్ చదవగలడు గానీ చదవనన్నాడట, చివరికి మేష్టారి దగ్గరికి పరిగెత్తారు. అప్పట్లో శవాన్ని ఇంటికి పంపే పద్ధతి లేదు, చాలామందికి అక్కడే దహనం, జెండా కప్పి సొంతూరికి తేవడం మామూలైంది 1999 కార్గిల్ నుంచే. అందుకని వీళ్ళింటికి చేరింది ఒక నల్ల ట్రంకుపెట్టె. దానికి ముందు ఇంకోటొచ్చింది, ఆయన బతికుండగా పంపిన మనీఆర్డరు. కూపన్ మీద తెలుగులో రెండే లైన్లు, తమ్ముడికి చెప్పులు కొనమని. "కొన్నారా?" అని అడిగేశాను. "ఎక్కడ కొంటాం, ఆ డబ్బు కర్మకే చాల్లేదు" అన్నారాయన మామూలుగా, మా వాడు మాత్రం లేచి బయటికెళ్ళిపోయాడు.

పెళ్ళి కాలేదు కాబట్టి పింఛను తల్లికొచ్చింది. అప్పట్లో ఇదంతా గంజాం జిల్లా, గజపతి జిల్లా 1992లో గానీ రాలేదు, అందుకని ఏ కాగితం తేడా వచ్చినా ఆవిడ బరంపురం బస్సెక్కాల్సిందే, ఒడియా మాట్లాడ్డం రాదు, చిన్న కొడుకు పక్కనుండి చెప్పేవాడు. బాబాయ్ గారి ఒడియా అంత బాగుండటానికి కారణం అదేనట, నవ్వుతూ చెప్పారు.

ట్రంకుపెట్టెలో ఇప్పుడు భూమి కాగితాలు, రేషన్ కార్డులు ఉన్నాయి. నాకైతే అది మంచి పనే అనిపించింది, గాజు పెట్టెలో పెట్టి దండేసే కంటే.

ఢిల్లీలో 2019లో కట్టిన నేషనల్ వార్ మెమోరియల్ గోడల మీద స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ళ పేర్లు చెక్కారని చెప్తే, మా అన్నయ్యదీ ఉంటాదా అని ఆయన రెండుసార్లు అడిగారు. డిసెంబర్లో తీసుకెళ్దాం అని మావాడు, ఆ చలికి నేను తట్టుకోలేన్రా ఫిబ్రవరి చూడు అని ఆయన. స్టేషన్‌కి వచ్చేదాకా అదే వాదన, టికెట్లు బుక్ చేసే పని మాత్రం నాకు అప్పజెప్పారు.