అత్తయ్య మోకాలు, నా మోకాలు

మా అత్తయ్యకి 2021లో మోకాలు మార్చారు. ఆవిడది గుజ్జు అరిగిపోయిన మోకాలు, డెబ్బై దాటిన వయసు, అయినా మూడో నెలకల్లా గుడి మెట్లెక్కేశారు. నాకు 48 ఏళ్లకి అదే ఆపరేషన్ అన్నప్పుడు నాకూ అంతేలే అనుకున్నాను. కానీ నాది రుమటాయిడ్. అంటే అరుగుదల కాదు, ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన శక్తే కీళ్ల లోపలి పొర మీద పడుతుంది, మోకాళ్లే కాదు, వేళ్లు, మణికట్లు, పాదాలు, దేన్నీ వదలదు.

తేడా ఆపరేషన్‌కి ముందే తెలిసింది. రుమటాయిడ్‌కి వాడే మెథోట్రెక్సేట్ మందు ఆపాలేమో అని నా అంతట నేనే ఒక వారం మానేసి రుమటాలజిస్టు (ఈ జబ్బు చూసే డాక్టరు) దగ్గర చీవాట్లు తిన్నాను. అది ఆపితే జబ్బు తిరగబెడుతుందట. ఆపాల్సింది ఇదే జబ్బుకి రెండు వారాలకోసారి వేసుకునే అడాలిముమాబ్ ఇంజెక్షన్, దానివల్ల ఇన్ఫెక్షన్ భయం. ఆఖరి డోసు తర్వాత మూడో వారంలో ఆపరేషన్ పెట్టి, కోత మానాకే మళ్లీ మొదలుపెట్టారు. ఇంకో వింత, మోకాలి కోసం వెళ్తే మెడకి ఎక్స్‌రే తీశారు! తల ముందుకి వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి. రుమటాయిడ్‌లో మెడ పైభాగం ఎముకలు వదులవుతాయట, గొంతులోకి గొట్టం వేయాల్సి వస్తే తల కదపడం ప్రమాదమని మత్తు డాక్టరు చెప్పారు.

ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు, నడుముకి మత్తిచ్చారు, అయిపోయింది. అసలు కథ మర్నాడు వాకర్‌తో. మోకాలు నడుస్తానంది, చేతులు పట్టుకోనన్నాయి. నా వేళ్లు చిటికెన వేలు వైపు ఒరిగిపోయి ఉంటాయి, పిడికిలి బిగియదు. ఇది ముందే చూసుకోవాల్సింది, మా ఆసుపత్రిలో ఎవరికీ తట్టలేదు. మా ఆయన వాకర్ పిడులకి తువ్వాలు చుట్టి రబ్బరు బ్యాండ్లేశారు, రెండడుగులకే జారిపోయింది. "నేనైతే మర్నాడే నడిచానమ్మాయ్" అని అత్తయ్య. ఒళ్లు మండింది. రెండు రోజుల తర్వాత ఫిజియో అమ్మాయి మోచేతులు ఆనించే వాకర్ తెచ్చాకే గుమ్మం దాటాను.

నొప్పి మాత్రం నిజంగా పోయింది, రాత్రిళ్లు నిద్ర పడుతోంది. నొప్పి తగ్గడంలో అత్తయ్యకీ నీకూ తేడా ఉండదు, ఎంత దూరం నడుస్తావన్నది మిగతా కీళ్లు చెప్తాయి అని సర్జన్ ముందే అన్నారు. ఎనిమిది నెలలైంది. మొన్న ఇద్దరం కూరగాయలకి వెళ్తే దారిలో రెండుసార్లు ఆగాను, మోకాలి కోసం కాదు, ఎడమ పాదం కోసం. సంచి అత్తయ్యే మోశారు.