చంద్రగిరి కోట వాకిట్లో కాసేపు ఆగండి

తిరుపతి నుంచి చంద్రగిరి పది పన్నెండు కిలోమీటర్లు. కోటకు వచ్చినవాళ్ళు చాలావరకు నేరుగా రాజమహల్ దగ్గరికి నడుస్తారు, దారిలో దాటిన వాకిలి ఎవరికీ గుర్తుండదు. నన్నడిగితే ఏ కోటలోనైనా ఎక్కువ ఆలోచించి కట్టేది వాకిలినే.

ఈ కోటకు మొదలు 11వ శతాబ్దంలో యాదవరాయలు వేశారని చెబుతారు. సాళువ నరసింహరాయలు 1485లో విజయనగర సింహాసనం ఎక్కకముందు చంద్రగిరి నుంచే ఏలాడు. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు పోయి, వెంకటపతిరాయల కాలంలో ఇక్కడికొచ్చింది. 1646లో గోల్కొండ సైన్యం, 1782లో హైదరాలీ ఈ కోట పట్టుకున్నారు. అంటే ఏనుగుల్నీ తలుపు కుమ్మే దూలాల్నీ ఆపడానికి నేర్చిన పనితనం చివరికి ఫిరంగుల్ని కూడా ఎదుర్కోవాల్సి వచ్చింది.

ఒక పక్క కొండే కాపు. మిగతా పక్కల పెద్ద పెద్ద రాళ్ళ గోడ, దాని బయట అగడ్త, అంటే కందకం. ఈ రెంటికీ తెంపు పడేది వాకిలి దగ్గరే కాబట్టి దాడి అక్కడికే వస్తుంది. ఇంగ్లండు కోటల్లో దీనికి విరుగుడుగా అగడ్త మీద ఎత్తేసే వంతెన, పైనుంచి దించే ఇనపకమ్మీల తలుపు పెట్టుకున్నారు. మన దక్షిణాది వాళ్ళు దారినే వంచారు. బయటి గుమ్మం దాటితే ఎదురుగా గోడ వస్తుంది, పక్కకు తిరగాలి, మళ్ళీ తిరిగితేగాని లోపలి తలుపు కనపడదు. తలుపును కుమ్మడానికి ఏనుగుకు పరుగు కావాలి, దూలం మోసేవాళ్ళకు నిడివి కావాలి. మలుపులో ఆ రెండూ దొరకవు. బయటి ఫిరంగికి లోపలి తలుపు సూటిగా చిక్కదు. నాలుగు పక్కల గోడల మీదున్నవాళ్ళకు మాత్రం మలుపులో ఇరుక్కున్న గుంపు చేతికందేంత దగ్గర. హంపీలో భీముని వాకిలి చూస్తే ఈ పద్ధతి ఇట్టే అర్థమవుతుంది.

తలుపులు చాలాచోట్ల మిగలవు, చెక్క కదా. కానీ వాటి జాడ రాతిలో ఉంటుంది. గడప పక్కన నేలరాతిలో గుండ్రటి గుంట కోసం వెతకండి. తలుపు రెక్క కింది మొన తిరిగింది అందులోనే. ఇంటి తలుపుకు వేసే మడతబందులు ఇక్కడ ఎందుకు పనికిరావో లెక్క వేస్తే తెలుస్తుంది. 12 అడుగుల ఎత్తు, 5 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న టేకు రెక్క అంటే 20 ఘనపుటడుగులు, ఇనుము కలపకుండానే దాదాపు 370 కిలోలు. ఆ బరువు నేల మీద కూర్చోవాలి తప్ప పక్కగోడకు వేలాడకూడదు. తర్వాత రెండు పక్కల గోడల్లో ఎదురెదురుగా ఉన్న చదరపు బొక్కలు చూడండి. ఒకటి లోతుగా, ఒకటి పైపైన ఉంటే, లోతైనదాంట్లోకి అడ్డమాను తోసి దాచేవారని గుర్తు. రోజూ ఇంత తలుపు తెరవడం కుదరదు గనక రెక్కలోనే మనిషి వంగి దూరేంత దిడ్డి వాకిలి పెట్టేవారు. రెక్క మీద ఏనుగు నుదుటి ఎత్తున ఇనప మేకులు. గోల్కొండ తలుపులకు అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఇక పైకి చూడండి. రాయి బరువును అణుచుకుని మోస్తుంది గానీ వంపుకు ఓర్చదు, అడుగున పగులుతుంది. అందుకే పైదూలం కింద రెండు వైపులా రాళ్ళు ముందుకు చొచ్చుకొస్తాయి. వాకిలి 10 అడుగులు, ఒక్కో రాయి 2 అడుగులు ముందుకొచ్చింది అనుకోండి. దూలం దాటాల్సింది 6 అడుగులే. దూలాన్ని వంచే బలం ఆ నిడివి వర్గాన్ని బట్టి (10×10, 6×6) పెరుగుతుంది కాబట్టి 100 ఉండేది 36కు దిగుతుంది. అలంకారంలా కనిపించే ఆ మెట్ల వరసే వాకిలిని నిలబెట్టింది.

ఇలాంటి వాకిళ్ళు శత్రువు వల్ల కంటే రావి మొలక వల్ల ఎక్కువ పాడవుతాయి. సందులో గింజ పడి, వేరు లావై, రాయిని పక్కకు నెడుతుంది. పైన నరికితే మళ్ళీ చిగురిస్తుంది, వేరుతో సహా చావాలి. రెండోది సిమెంటు. సున్నం లేకుండా పేర్చిన రాతిగోడ సందుల్లోంచి వాననీళ్ళు బయటికి పోతాయి. ఆ సందులు సిమెంటుతో మూస్తే వెనకున్న మట్టి తడిసి ఉబ్బుతుంది, నాలుగు వానలకు గోడ పొట్ట పెడుతుంది. రాజమహల్ లాంటి ఇటుక, సున్నం కట్టడానికి గానుగలో నూరిన సున్నమే సరి. పేర్పుగోడకు అదీ అక్కర్లేదు, జారిన రాయిని తిరిగి దాని చోట కూర్చోబెడితే చాలు.

పొద్దున గానీ సాయంత్రం గానీ వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడితేనే రాయి చీల్చడానికి వరసగా కొట్టిన మేకుల గుంటలు, తలుపు మొన తిరిగి అరిగిన నున్నదనం కంటికి ఆనతాయి. మిట్టమధ్యాహ్నం అంతా ఒకే తెలుపు.